కాఫీ మానడమా, వడగట్టడమా?

ఈ నెల వేసవి పానీయాల గురించి వ్రాద్దామనుకున్నాము. కాని కాఫీ గురించి వ్రాయక తప్పని సందర్భం మా ఇంటనే వచ్చి పడింది. మా ఇంట జరిగిన పొరపాటు మీ ఇంట జరగకూడదని ఈ సంగతి దాపరికం లేకుండా చెబుతున్నాము.

కొన్ని నెలల క్రిందట మా ఆఫీసులో అందరికీ రక్తపరీక్షలు చేశారు. నలభై దాటిన గుమాస్తాలం కనుక తప్పించుకోలేకపోయాము. చీటీలు చేతికి రాగానే, పరీక్షలలో మార్కులు చూసుకునే పిల్లల మాదిరిగా ఒకరి చీటీ ఒకరు లాక్కుని చూశాము. తేడా ఒకటే. ఇక్కడ ఎక్కువ మార్కులు వచ్చినవాడు నవ్వడు. మా మొత్తం కొలెస్టరాల్ 238, అందులో చెడ్డ కొలెస్టరాల్ అనే ఎల్.డి.ఎల్. 158. పక్క బల్ల మీది మిత్రుడు చీటీ చూసి, "ఇదంతా మీ కాఫీ పుణ్యం మాష్టారూ! ఇవాళే మానెయ్యండి" అని తీర్పు చెప్పేశాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేతిలో రెండో ప్లేటు పకోడీలు వున్నవి.

మేము ఇంటికి వచ్చి ఆ తీర్పును యథాతథంగా వినిపించాము. మా ఇంట మా పెద్దమ్మ వున్నది. డెబ్బై దాటిన మనిషి. రెండేళ్ళ క్రిందట విశాఖపట్నంలో గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. పెద్దనాన్నగారు పోయిన తరువాత ఆమెకు మిగిలిన సరదా తెల్లవారుజామున ఒక గ్లాసెడు వేడి కాఫీ. ఆమె మా మాటలు విని ఏమీ అనలేదు. మర్నాడు మాత్రం, "నాకు కాఫీ వద్దమ్మా" అని కోడలితో చెప్పింది. మేమంతా ఆమె పట్టుదలను మెచ్చుకున్నాము.

మూడు వారాలు గడిచినవి. ఒకనాటి రాత్రి పదకొండు గంటలకు ఛాతీలో బరువుగా వున్నదని, ఎడమ చెయ్యి లాగుతున్నదని లేచి కూర్చుంది. ఆటో పిలిపించి ఆసుపత్రికి తీసుకుపోయాము. ఆ పావుగంట ప్రయాణం మాకు రాయగడ నుంచి విజయనగరం వెళ్ళినంత దూరంగా తోచింది. దేవుడి దయవల్ల గుండెపోటు కాదన్నారు. రెండు రోజులు వుంచుకుని పంపించారు. అక్కడ డాక్టరు, "మాత్రలు సరిగా వేసుకుంటున్నారా?" అని అడిగినప్పుడు అసలు సంగతి బయటపడింది. పెద్దమ్మ తలవంచుకుని, "కాఫీ మానేశాను గదా నాయనా, ఇంకా కొవ్వు మాత్ర ఎందుకూ? ఆ ఖర్చు వీళ్ళకెందుకని మానేశాను" అన్నది.

ఆ మాటకు మేము సిగ్గుపడ్డాము. తెలియని తీర్పును ఇంటికి మోసుకువచ్చినది మేమే గదా! మానవలసిన అవసరం లేనిది మానిపించాము. మానకూడనిది ఆమె తనంత తాను మానేసింది. స్టెంటు వేసినవారికి ఆ మాత్రలు భోజనం వంటివి. కొలెస్టరాల్ మాత్ర ఆపిన కొద్ది వారాలకే ఆ అంకె మళ్ళీ పైకి పోతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర డాక్టరు చెప్పకుండా ఆపితే ప్రాణాపాయమే కలగవచ్చు.

ఆ డాక్టరు కోరాపుట్ వైపు కుర్రవాడు, ఒడియా మాట్లాడతాడు. పెద్దమ్మను మందలించిన తరువాత మా చీటీ కూడ చూశాడు. "ఎన్ని కప్పులు తాగుతారు?" అని అడుగుతాడనుకున్నాము. అతను అడిగిన ప్రశ్న వేరు. "ఫుటేఇకి నా ఛాణికి?" అన్నాడు. అనగా, మరిగించి తాగుతారా, వడగట్టి తాగుతారా అని. ఇరవై ఏళ్ళుగా కాఫీ తాగుతున్నాము గాని ఆ ప్రశ్న మాకు ఎవరూ వేయలేదు, మేమూ వేసుకోలేదు.

మా ఇంట పద్ధతి ఇది. గిన్నెలో నీళ్ళు కాగుతుండగా పొడి వేయడం, రెండు పొంగులు రానివ్వడం, దించి మూత పెట్టి, పొడి అడుగుకు దిగిన తరువాత పైతేట వంచుకుని పాలు కలపడం. ఫిల్టరు వున్నది గాని రంధ్రాలు పూడి అటక ఎక్కింది. డాక్టరు విని నవ్వి, "మీరు నార్వే దేశం వాళ్ళలా తాగుతున్నారు" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చిన తరువాత తెలుసుకున్న సంగతులు ఇవి.

నార్వే దేశానికి ఉత్తరపు కొసన ట్రోమ్సో అనే ఊరు వున్నది. అక్కడివారిలో చాలమంది పూర్వం మా ఇంటి పద్ధతిలోనే, కాఫీని నీళ్ళలో మరిగించి తేట వంచుకుని తాగేవారు. 1983లో అక్కడి వైద్యులు వేలమంది రక్తం పరీక్షించి, కాఫీ ఎక్కువ తాగేవారికి కొలెస్టరాల్ కూడ ఎక్కువగా వున్నదని ప్రకటించారు. లోకమంతా గగ్గోలు పుట్టింది. కాని ఇతర దేశాలలో పరీక్ష చేస్తే కొన్నిచోట్ల అదే ఫలితం వచ్చింది, కొన్నిచోట్ల రాలేదు. కారణం తరువాత తెలిసింది. కాఫీ ఒకటే, కాచే విధం వేరు. మరిగించి తాగేవారికి కొలెస్టరాల్ పెరిగింది. కాగితంలో వడగట్టి తాగేవారికి దాదాపు పెరగలేదు.

ఇంతకూ దోషి ఎవరు? మనమంతా కెఫీన్ అనుకుంటాము. కొలెస్టరాల్ విషయంలో కెఫీన్ దోషి కాదు. కాఫీ గింజలో కొద్దిగా నూనె వుంటుంది. ఆ నూనెలో కెఫెస్టాల్, కాహ్వియోల్ అనే రెండు పదార్థాలు వున్నవి. వీటిలో మొదటిదే పెద్ద దోషి అని 1990 ప్రాంతాలలో హాలెండు దేశపు శాస్త్రజ్ఞులు తేల్చారు. మన కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను కొంత తీసుకుని, తిండి అరగడానికి కావలసిన పిత్తరసంగా మార్చి ఖర్చు పెడుతుంది. కెఫెస్టాల్ వెళ్ళి, "పిత్తరసం చాలినంత వున్నది, ఇక చేయనక్కరలేదు" అని కాలేయానికి తప్పుడు కబురు అందిస్తుంది. ఖర్చు ఆగిపోతుంది, నిలవ పెరుగుతుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, చెల్లింపుల ఫైలు ఎవరో తొక్కిపెట్టినట్లు. ఫైలు వదిలితే, అనగా ఆ నూనె మానితే, కొన్ని వారాలలో లెక్క మళ్ళీ మామూలుకు వస్తుంది.

ఈ సంగతి మన ప్రాంతంవారు మరీ శ్రద్ధగా వినవలసినది. ఎందుకంటే మనది కాఫీ పండే నేల. కోరాపుట్ జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరేవరకు మద్రాసు రాష్ట్రంలో విశాఖపట్నం ఏజెన్సీలో భాగంగా వుండేది. అప్పుడే, 1930లో, జయపురం రాజుగారైన రామచంద్రదేవ్ ఈ కొండలలో కాఫీ నాటించారు. తరువాత 1958లో ప్రభుత్వపు భూసంరక్షణ శాఖ మాచ్‌ఖండ్ పరీవాహక ప్రాంతంలో కాఫీ వేయించింది. కాఫీ కోసమని కాదు, కొండమట్టి కొట్టుకువచ్చి జలాశయం పూడిపోకుండా వుండడానికి. ఇవాళ నందపూర్, సిమిలిగుడ, లమతాపుట్, పొట్టంగి వైపు కొండలలో గిరిజన రైతులు చెట్ల నీడన కాఫీ పండిస్తున్నారు. 2019లో ఒడిశా గిరిజన సహకార సంస్థ "కోరాపుట్ కాఫీ" అనే పేరుతో పొడి అమ్మకానికి పెట్టింది. కొండకు ఆవలివైపు అరకు కాఫీ సంగతి మన తెలుగువారికి చెప్పనక్కరలేదు.

ఈ కాఫీలన్నీ అరబికా జాతివి. రుచిలో, వాసనలో గొప్పవే. కాని మరొక జాతి అయిన రోబస్టాతో పోలిస్తే అరబికాలో ఆ కెఫెస్టాల్ నూనె ఎక్కువ. అందుచేత మన కొండ కాఫీని మరిగించి తేట వంచుకుంటే మంచి రుచితో పాటు ఆ నూనె కూడ లోపలికి పోతుంది. అలాగని ఆ కాఫీ మానితే, ఏడాదంతా చెట్టును కనిపెట్టుకుని శీతకాలంలో పళ్ళు కోసే రైతు కష్టానికి విలువ ఏమున్నది? మానవలసిన పని లేదు. వడగట్టవలసిన పని వున్నది.

వడగట్టే కాగితాన్ని కనిపెట్టినది శాస్త్రజ్ఞుడు కాదు, ఒక ఇల్లాలు. జర్మనీలో డ్రెస్డెన్ నగరంలో మెలిట్టా బెంట్జ్ అనే ఆవిడ, కాఫీలో పొడి నలకలు, చేదు పడలేక, ఒక ఇత్తడి పాత్రకు రంధ్రాలు చేసి, కొడుకు నోటుపుస్తకంలోని బ్లాటింగు కాగితం తీసి అందులో పరచి కాఫీ వడగట్టింది. ఇది 1908 నాటి మాట. ఆమెకు కొలెస్టరాల్ సంగతి తెలియదు, రుచి కోసం చేసింది. పూర్వపు గుమాస్తాలు సిరా ఒలికితే అద్దడానికి వాడిన ఆ కాగితమే కాఫీ నూనెను కూడ పట్టుకుంటుందని తెలియడానికి ఇంకా ముప్పాతిక శతాబ్దానికి పైగా పట్టింది.

కాగితం ఎంత పట్టుకుంటుంది? 2025లో స్వీడన్ దేశపు పరిశోధకులు ఆఫీసులలోని కాఫీ యంత్రాల కాఫీని, ఇతర విధాల కాఫీని కొలిచి ప్రకటించారు. మరిగించిన కాఫీలో లీటరుకు సుమారు 939 మిల్లీగ్రాముల కెఫెస్టాల్ వున్నది. యంత్రం కాచిన కాఫీలో సుమారు 176. కాగితంలో వడగట్టినదానిలో 12 మాత్రమే. పొడి మోతాదును బట్టి, మరిగించే సేపును బట్టి ఈ అంకెలు ఇంటింటికీ మారుతవి. అంకెల సంగతి వదిలి వాటి మధ్య తేడా చూడండి.

అన్నిటికంటె మమ్మల్ని సంతోషపెట్టిన అంకె మరొకటి వున్నది. అదే మరిగించిన కాఫీని బట్టలో వడగడితే 939 కాస్తా 28కి దిగింది. బట్ట! మా అమ్మమ్మ పాత మల్లుపంచె ముక్కలో వడగట్టేది. ఆ గుడ్డ గోధుమరంగు తిరిగి, వంటింటి కిటికీకి ఆరవేసి వుండేది. స్టీలు గిన్నెలు, స్టీలు జల్లెడలు వచ్చిన తరువాత ఆ గుడ్డను మోటు అని మేమే పారవేశాము.

మరి మన స్టీలు ఫిల్టరు మాటేమిటి? పై గిన్నెలో పొడి వేసి అణచి వేడినీళ్ళు పోస్తాము గదా. ఆ అణచిన పొడి కొంత నూనెను తనలోనే నిలుపుకుంటుంది. పొయ్యి మీద పొడిని మరిగించడం కంటె ఇది మేలు. కాని రేకు రంధ్రాలు కాగితం చేసే పని పూర్తిగా చేయలేవు. పల్చని కాగితం గాని, శుభ్రమైన గుడ్డ గాని తోడు చేసుకుంటే ఇంకా మంచిది. టీ గాలించే తీగ జల్లెడ పిప్పిని ఆపుతుంది గాని నూనెను ఆపదు. నీళ్ళలో కరిగిపోయే తక్షణ కాఫీ పొడిలో ఈ నూనె చాల స్వల్పం. చికోరీలో ఈ నూనె లేదు, కాబట్టి చికోరీ కలిసిన పొడిలో ఆ మేరకు తగ్గుతుంది.

వడగట్టిన కాఫీ గుండెకు హాని చేయదని నమ్మకమేమిటి అని అడుగుతారేమో. నార్వే దేశంలోనే 5 లక్షలకు పైగా మనుషులను సుమారు 20 ఏళ్ళు కనిపెట్టి చూసి 2020లో ఫలితం ప్రకటించారు. అసలు కాఫీ తాగనివారి కంటె వడగట్టిన కాఫీ తాగేవారిలో మరణాలు 15 శాతం తక్కువ. రోజుకు ఒకటి నుంచి నాలుగు కప్పులు తాగేవారిలో అన్నిటికంటె తక్కువ. అయితే ఇక్కడ తొందరపడకూడదు. ఇది పోల్చి చూసిన లెక్కే. కాఫీ తాగినందువల్లనే వారు ఎక్కువకాలం బ్రతికారని రుజువు కాదు. కనుక గుండె బాగుపడుతుందని కాఫీ అలవాటు లేనివారు కొత్తగా మొదలుపెట్టనక్కరలేదు. అలవాటున్నవారు భయపడి మాననక్కరలేదు. మేము గ్రహించినది ఇంతే.

మితం అనేది మాత్రం వున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు మించకూడదన్నారు. 150 మిల్లీలీటర్ల కాఫీలో 80 నుంచి 120 దాకా వుంటుంది. అనగా ఆ కప్పులు మూడు మించితే హద్దు దాటినట్లే. టీలో కూడ కెఫీన్ వున్నది, అదీ ఈ లెక్కలోకే వస్తుంది. భోజనానికి గంట ముందు, గంట తరువాత కాఫీ, టీలు వద్దన్నారు. తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా అవి అడ్డుపడతవి. రక్తం తక్కువగా వున్న ఆడవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. గర్భవతులు, గుండెదడ వున్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు ఎంత తాగవచ్చునో తమ డాక్టరునే అడగాలి.

ఇంకొక మాట. కాఫీలోకి మనం ఏమి పోస్తున్నాము? రోజుకు నాలుగుసార్లు మీగడ పాలు, రెండేసి చెంచాల పంచదార. పాలకొవ్వు కూడ చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచేదే. కాఫీ పక్కన ప్లేటులో ఏమున్నది? మరిగి మరిగి నల్లబడ్డ నూనెలో వేగిన బజ్జీ, వడ. జేబులో ఏమున్నది? ఖైనీ పొట్లం. మన వైపు ఆడవారిలో కూడ కొందరికి పళ్ళకు గుడాకు రుద్దే అలవాటు వున్నది. అదీ పొగాకే. గుండెకు నిజమైన శత్రువులు వీరు. కళ్ళెదుట పొగలు కక్కుతూ కనిపిస్తుంది కనుక కాఫీ దొరికిపోతుంది, మిగిలినవారు వెనుక బెంచీలో హాయిగా కూర్చుంటారు.

ఇప్పుడు మా ఇంట అమలుచేస్తున్న పద్ధతి చెబుతాము. పొడిని పొయ్యి మీద మరిగించడం మానేశాము. నీళ్ళు విడిగా మరిగించి దించి, పొడి మీద పోసి, నాలుగైదు నిమిషాలు వుంచి, రెండు మడతల నూలుగుడ్డలో వడగడుతున్నాము. గుడ్డను గట్టిగా పిండకూడదు, పిండితే పట్టినది తిరిగి దిగుతుంది. వాడిన వెంటనే వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయాలి. సబ్బు పెడితే ఆ వాసన కాఫీకి వస్తుంది. గుడ్డ మాసి జిగటగా అయితే మార్చాలి. విశాఖపట్నం వెళ్ళినప్పుడు కాగితపు ఫిల్టర్ల కట్ట ఒకటి తెచ్చాము. చుట్టాలు వచ్చినప్పుడు అది వాడుతున్నాము. మొదటి వారం కాఫీ పలచగా వున్నట్లు తోచింది. నాలుక మీద జిడ్డు లేకపోవడమే ఆ పలచదనం. పదిరోజులలో అలవాటైంది.

మూడు నెలల తరువాత మళ్ళీ రక్తం ఇచ్చాము. 238 వున్నది 219 అయింది, 158 వున్నది 143 అయింది. ఇదంతా గుడ్డ మహిమ అని చెబితే మేమూ ఆ పకోడీల మిత్రుడి మాదిరి తీర్పు చెప్పినట్లే అవుతుంది. ఈ మూడు నెలలలో సాయంత్రపు పకోడీలు తగ్గించాము, ఆఫీసుకు నడిచి వెళ్ళి వస్తున్నాము. ఎవరి వాటా ఎంతో విడదీసి చెప్పలేము. ఇంకా తగ్గాలని డాక్టరు అన్నాడు. సరేనన్నాము.

పెద్దమ్మకు రోజుకు రెండు చిన్న గ్లాసుల కాఫీకి అనుమతి దొరికింది. తెల్లవారుజామున ఆమె గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చుంటే ఇల్లు మళ్ళీ ఇల్లులా వున్నది. అయితే మా ఇంట ఒక నిబంధన పెట్టాము. రాత్రి మాత్ర వేసుకున్నట్లు క్యాలెండరులో గీత పెడితేనే పొద్దున కాఫీ. మొదట కోప్పడింది గాని ఇప్పుడు ఆమే గీత చూపించి గ్లాసు అడుగుతున్నది.

మీ ఇంట పెద్దవారు ఎవరైనా ఏదో ఒకటి మానేశామని చెబితే మెచ్చుకుని ఊరుకోకండి. దానితో పాటు ఇంకేమి మానేశారో కూడ అడగండి. వచ్చే నెల వాయిదా పడిన వేసవి పానీయాలతో కలుసుకుందాము. అంతవరకు సెలవు.